తేనెతుట్టెను శిలాజం అన్నందుకు కాదు నా కోపం

"భీంబేట్కా గుహలో 55 కోట్ల ఏళ్ల నాటి జంతువు దొరికిందన్నారు కదా, అది ఎండిపోయిన తేనెతుట్టె అంట. ఇదండీ మీ సైన్సు!"

ఈ ముక్క నాకు ఇప్పటికి మూడు గ్రూపుల్లో వచ్చింది. ఆఫీసు వాళ్లది ఒకటి, ఇంజనీరింగ్ బ్యాచ్‌ది ఒకటి, మా ఊరి వాళ్లది ఒకటి. మూడింట్లోనూ కింద పళ్లికిలించే బొమ్మలు వరసగా ఉన్నాయి. మా ఊరి వాళ్లు నవ్వితే నాకేం బాధలేదు. పొద్దున లేస్తే బగ్ రిపోర్టులు చదివి, సాయంత్రం దాకా వాటినే సరిచేసి, నెలాఖరుకి జీతం తీసుకునే మనవాళ్లు కూడా నవ్వుతున్నారు చూడండి, అక్కడ మండింది నాకు. అందుకే ఈ టపా. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు కథ తెలియనివాళ్ల కోసం.

భూమి వయసు దాదాపు 454 కోట్ల ఏళ్లు. జీవం చాలా ముందే మొదలైంది గానీ, అందులో అత్యధిక కాలం కంటికి కనబడని సూక్ష్మజీవులదే రాజ్యం. కంటికి కనబడే జంతువులు రంగం మీదకి వచ్చింది ఆఖరి అంకంలోనే. చాలాకాలం పాటు భూగర్భ శాస్త్రవేత్తలకి తెలిసింది ఏమిటంటే, సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట మొదలైన కేంబ్రియన్ కాలపు రాళ్లలో గవ్వలూ, పెంకులూ, ట్రైలోబైట్లూ కుప్పలుతెప్పలుగా ఉంటాయి. దాని కిందున్న పొరల్లో మాత్రం ఏమీ లేదు. అంతా ఖాళీ.

ఇది అందరికంటే ముందు ఇబ్బంది పెట్టింది ఎవరినో తెలుసా? డార్విన్‌నే. జీవులు మెల్లమెల్లగా మారుతూ వచ్చాయన్నది ఆయన వాదం. మరి ఇన్ని రకాలు ఒక్కసారిగా ఎలా ఊడిపడ్డాయి? దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు, ఇది నా సిద్ధాంతం మీద న్యాయమైన అభ్యంతరమేనని 1859లో తన పుస్తకంలోనే రాసుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే రిలీజ్ నోట్స్‌లో 'నోన్ ఇష్యూస్' కింద తనే ఎక్కించాడు. ఇప్పుడు డార్విన్‌ని తిట్టేవాళ్లు ఏదో తామే కనిపెట్టినట్టు ఇదే ప్రశ్న వేస్తుంటారు. అయ్యా, ఆ టికెట్ ఓపెన్ చేసింది ఆయనే!

ఆ టికెట్ క్లోజ్ కావడం మొదలవడానికి 87 ఏళ్లు పట్టింది. 1946లో రెజ్ స్ప్రిగ్ అనే కుర్ర జియాలజిస్టు దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకారా కొండల్లో పాత గనులు పరిశీలిస్తూ, రాతి పలకల మీద విచిత్రమైన అచ్చులు చూశాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అలాంటివే ఇంగ్లండ్‌లో, రష్యాలో, కెనడాలో బయటపడ్డాయి. చివరికి 2004లో ఆ కాలానికి ఎడియాకారన్ అని అధికారికంగా పేరు పెట్టారు. సుమారు 63.5 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 53.9 కోట్ల ఏళ్ల కిందటి దాకా అన్నమాట.

ఆ కాలపు జీవుల్లో పేరున్నది డికిన్సోనియా. అప్పటి దక్షిణ ఆస్ట్రేలియా గనుల శాఖ అధిపతి డికిన్సన్ పేరు మీద 1947లో స్ప్రిగ్ పెట్టిన పేరది. చూడటానికి కోలగా ఉన్న పలచటి బొంతలా ఉంటుంది. నడిమిట్లో ఒక గీత, ఆ గీతకి రెండు పక్కలా పక్కటెముకల్లాంటి మడతలు. నోరు లేదు, కాళ్లు లేవు, పెంకు లేదు. సముద్రం అడుగున పరుచుకున్న సూక్ష్మజీవుల తెట్టు మీద పడుకుని, పొట్టతోనే ఆ తెట్టుని పీల్చుకుని బతికేదని ఎక్కువమంది అంచనా. ఇది జంతువా, నాచా, శైవలమా, లేకపోతే ఒకే ఒక్క పెద్ద కణమా అని దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. 2018లో రష్యాలోని తెల్లసముద్రం ఒడ్డున దొరికిన, 55.8 కోట్ల ఏళ్ల నాటి డికిన్సోనియా పొరలో కొలెస్టరాల్ అవశేషాలు పట్టుకున్నారు. కొలెస్టరాల్ జంతువుల గుర్తు. మన హెల్త్ చెకప్ రిపోర్టులో ఎర్రక్షరాల్లో వచ్చేది అదే :) ఆ దెబ్బతో జంతువే అన్న వాదనకి గట్టి బలం వచ్చింది.

ఇప్పుడు భీంబేట్కాకి వద్దాం. భోపాల్ దగ్గర, ఆదిమానవుల గుహాచిత్రాలున్న చోటు. 2003 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. 2020 మార్చిలో ఢిల్లీలో 36వ అంతర్జాతీయ భూవిజ్ఞాన మహాసభ జరగాల్సి ఉంది, కరోనా వల్ల జరగలేదు. దానికి ముందు ఏర్పాటు చేసిన యాత్రలో కొందరు జియాలజిస్టులు భీంబేట్కా చూడటానికి వెళ్లారు. అక్కడ ఆడిటోరియం గుహ కప్పు మీద, తలెత్తి చూస్తే, పక్కటెముకల్లాంటి గీతలతో కోలగా ఒక ఆకారం! అమెరికాలోని ఓరెగన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ రెటాలక్, మనదేశపు జియాలజిస్టులు కూడా ఉన్న ఆయన బృందం, అది డికిన్సోనియా అని గోండ్వానా రీసెర్చ్ అనే పత్రికలో 2021లో ప్రకటించారు. భారతదేశంలో తొలి డికిన్సోనియా! మన పేపర్లన్నీ ఎత్తుకున్నాయి. ప్రపంచంలోకెల్లా పాత జంతువు మన దగ్గరే అన్నంత హడావిడి.

అది రక్షిత ప్రదేశం, పైగా గుహ కప్పు. రాయి గీకి నమూనా తీసే వీలు లేదు. ఫొటోల మీద, కొలతల మీద ఆధారపడి రాసిన పేపరు అది. మనం కోడ్ రివ్యూలో డిఫ్ చూసి 'బాగుంది' అని కొట్టేస్తాం చూడండి, రన్ చేసి చూడకుండా? దాదాపు అలాంటిదే.

తర్వాత ఏం జరిగింది? ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ మీర్ట్ అని ఒకాయన ఉన్నాడు. ఆ వింధ్య ఇసుకరాళ్లు అసలు ఎడియాకారన్ కాలానివే కావు, దాదాపు 100 కోట్ల ఏళ్ల పాతవి అని ఆయన బృందం ఎప్పటినుంచో వాదిస్తోంది. డికిన్సోనియా నిజమైతే ఆ వాదన కూలిపోతుంది. కాబట్టి ఆయనకి స్వార్థం ఉంది, దాచేదేం లేదు. ఆయన 2022లో తన విద్యార్థులతో, రాజస్థాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోజ్ పండిట్‌తో కలిసి అదే గుహలోకి వెళ్లి అదే కప్పు కింద నిలబడి చూశాడు. 55 కోట్ల ఏళ్లు రాతిలో నిలిచిన శిలాజం, రెండేళ్లలో పెచ్చులూడిపోతోంది! దగ్గరికి లాగి తీసిన ఫొటోల్లో తేనెపట్టు అరలు కనబడుతున్నాయి. చుట్టుపక్కల అదే కొండకి పెద్ద తేనెటీగల తుట్టెలు, పాతవీ కొత్తవీ, వేలాడుతూనే ఉన్నాయి. 2023 మొదట్లో అదే గోండ్వానా రీసెర్చ్ పత్రికలో రాశారు, ఇది శిలాజం కాదు, తుట్టె రాలిపోగా మిగిలిన మచ్చ అని.

రెటాలక్ ఏం చేశాడు? కోర్టుకెళ్లాడా? నా పేరు చెడగొట్టడానికి కుట్ర అన్నాడా? కొత్త ఆధారాలు చూసి, అవును మాది పొరపాటే అని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అయిపోయింది. టికెట్ క్లోజ్డ్.

ఇదీ కథ. ఇందులో నవ్వాల్సింది ఎక్కడుందో నాకు చెప్పండి.

ఒక క్లెయిమ్ వచ్చింది. దాని మీద అనుమానం ఉన్నవాడు దేశాలు దాటి వచ్చి, అదే చోట నిలబడి మళ్లీ చూశాడు. తేడా ఉందన్నాడు, ఎందుకో ఫొటోలతో చూపించాడు. అసలు రాసినవాడు ఒప్పుకున్నాడు. మొదటి పేపరు అచ్చయిన పత్రికలోనే దిద్దుబాటు కూడా అచ్చయింది. మొత్తం రెండేళ్ల పని. మన ఆఫీసుల్లో ప్రొడక్షన్ పడిపోతే 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' అని గొప్పగా పేరు పెట్టుకుని, లోపల మాత్రం తప్పు ఎవడి మీద తొయ్యాలా అని గంటన్నర కాల్ పెట్టుకుంటాం. నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ఒక మాడ్యూల్‌లో లెక్క తప్పు వస్తోందని ఏడాదిపాటు అందరికీ తెలుసు. ఆ మాడ్యూల్ రాసినాయన సీనియర్ కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. అలాంటి చోట కూర్చుని, తప్పు ఒప్పుకున్న మనిషిని చూసి నవ్వుతున్నాం మనం!

"సైన్సు రోజుకో మాట మారుస్తుంది, ఎలా నమ్మాలి?" అంటారు. సరే, వెర్షన్ 1.0 తర్వాత ఒక్క అప్‌డేట్ కూడా రాని సాఫ్ట్‌వేర్ మీ సర్వర్లో పెట్టుకుంటారా? ప్యాచ్‌లు వస్తున్నాయంటే ఎవరో చూస్తున్నారనీ, వాడుతున్నారనీ అర్థం. ప్యాచ్ రాలేదంటే అందులో బగ్గులు లేవని కాదు, దాన్ని ఎవరూ తెరిచి చూడటం లేదని.

ఇంకోటి గమనించారా? తేనెతుట్టె అని తేలాక కూలింది ఏమిటి? ఆ గుహ కప్పు మీద మచ్చ గురించిన వాదన ఒక్కటే. ఆస్ట్రేలియాలో, రష్యాలో రాతి పలకల మీదున్న డికిన్సోనియాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొలెస్టరాల్ ఎక్కడికీ పోలేదు. హైదరాబాదు బ్రాంచిలో ఒక ఫైలు తప్పయితే కంపెనీయే లేదన్నట్టుంది మీ వాదన.

ఇది ఒక గుంపు సంగతి. రెండో గుంపు ఇంకా గడుసుది. 2021లో "ప్రపంచంలో తొలి జంతువు మన భారతదేశంలోనే" అని పంచింది వీళ్లే. అది తప్పని తేలాక కిక్కురుమనలేదు. వీళ్లకి డికిన్సోనియా మీద ప్రేమేం లేదు, 'మొదటిది మాదే' అన్న మాట మీదే ప్రేమ. ఆ మాట దశావతారాలతో వచ్చినా సరే, శిలాజంతో వచ్చినా సరే. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలర్ డార్విన్ సిద్ధాంతం కంటే దశావతారాలే మెరుగైన వివరణ అని మాట్లాడారు. పిల్లలు కూర్చున్న సభలో! మత్స్యావతారాన్ని మొక్కుకునేవాళ్లని నేనేమీ అనను, మా ఇంట్లోనూ మొక్కుతారు. కానీ చేప తర్వాత తాబేలు అంటే పరిణామం అయిపోదండీ. ఏ రాయిలో, ఏ పొరలో, ఎన్నేళ్ల కిందట, తప్పని తేలాలంటే ఏం దొరకాలి - ఈ ప్రశ్నలకి జవాబు ఉంటేనే అది సిద్ధాంతం. కుందేలు శిలాజం ఒక్కటి ఎడియాకారన్ రాళ్లలో దొరికితే పరిణామ వాదానికి పెద్ద చిక్కొస్తుంది. మరి దశావతారాల వాదన తప్పని తేలాలంటే ఏం దొరకాలి? ఏం దొరికినా తేలదు. చిక్కంతా అక్కడే.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది ఆత్మకూర్ (ఎస్). ఆ బ్రాకెట్ ఏంటని అడగని హెచ్చార్ లేడు. ఎస్ అంటే సూర్యాపేట. ఆత్మకూర్లు బోలెడు ఉన్నాయి కాబట్టి మా ఊరికి నేమ్‌స్పేస్ తగిలించారు, అంతే. ఒకప్పుడు నల్లగొండ జిల్లా, 2016 అక్టోబరు నుంచి సూర్యాపేట జిల్లా.

భీంబేట్కా వార్త వచ్చిన రోజుల్లో మా చిన్నాయన ఫోన్ చేశాడు. "ఏందిరా, నువ్వు ఇంత సదువుకున్నోనివి. మన గుట్ట మీద బండల పాము లెక్క తెల్లగ బొమ్మ ఉన్నది సూడు, అది గూడ గంత పాతదేనంట. అందరంటున్నరు. పేపరోళ్లకు జర రాయరాదు?"

ఆ చార నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. చిన్నాయనా, అది పాము కాదు, రాయి పగుల్లోకి వేరే రాయి పాకంలా దూరి గడ్డకట్టిన చార అని చెప్పాను. మన గుట్టలన్నీ గ్రానైటు జాతి రాళ్లు. భూమి లోపల కరిగిన పాకం మెల్లగా చల్లారి గట్టిపడితే అయ్యేది గ్రానైటు. మరిగే బెల్లప్పాకంలో చీమ అచ్చు దొరుకుతుందా? శిలాజం కావాలంటే బురదో, ఇసకో, సున్నమో నీళ్ల అడుగున పొరలు పొరలుగా పేరుకోవాలి, అందులో జీవి పూడుకుపోవాలి. మన దగ్గర ఆ పొరలే లేవు.

చిన్నాయన కాసేపు ఏం మాట్లాడలేదు. "అంటే మన దగ్గర ఏం లేదారా?" అన్నాడు.

నాకు ఈ ప్రశ్నే ముఖ్యం అనిపించింది. మా చిన్నాయనకి అబద్ధం అక్కర్లేదు. తన ఊరికి ఏదో ఒక గొప్ప ఉందని వినాలని ఉంది. ఆ ఆశ తప్పు కాదు. ఆ ఆశని అబద్ధంతో నింపేవాళ్లున్నారే, వాళ్లతోనే నా గొడవ. ఎందుకంటే నిజం చెప్పినా ఆ ఆశ తీరుతుంది. మా గుట్ట రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. డికిన్సోనియా వయసుకి నాలుగు రెట్లకి పైనే. జంతువు అనేది ఈ భూమ్మీద లేనప్పటి రాయి మీద కూర్చుని మా వాళ్లు మేకలు కాస్తున్నారు! ఇదే చెప్పాను. "గట్లనా" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో ఈ ముక్కే చెప్పుకుంటున్నాడట. పాము బొమ్మ కంటే ఇదే బాగుందట.

మా జిల్లాలోనే దక్షిణానికి, హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు వెళ్తే రాయి మారిపోతుంది. అక్కడ సున్నపురాయి. పల్నాడు నుంచి కృష్ణ దాటి ఇటు పాకిన పాత సముద్రపు అడుగు అది. సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అక్కడెందుకున్నాయనుకున్నారు? కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్లకి ఆ దుమ్ము తెలుసు. కర్నూలు, కడప వైపు అయితే ఆ పొరలు ఇంకా మందం. మీ అమ్మగారి వంటింట్లో గట్టుకి వేసిన నల్లటి కడప బండ అలాంటి సముద్రపు అడుగు ముక్కే. దాని మీదే మనం దోసెపిండి గిన్నె పెడుతున్నాం. 1872లోనే విలియం కింగ్ అనే బ్రిటిష్ జియాలజిస్టు కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు.

మరి అందులో జంతువులున్నాయా? కడప జిల్లా వేంపల్లె రాళ్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల తెట్టు పొర మీద పొర పేరుకుని, ఉల్లిపాయ కోసినట్టు కనబడే రాతి గుబ్బలవి. సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి. మనం పీల్చే ఆక్సిజన్‌ని గాల్లోకి వదిలింది ఇలాంటి తెట్టులోని సూక్ష్మజీవులే. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె రాళ్లలోనే. కర్నూలు జిల్లాలో వాటికంటే చిన్న వయసు రాళ్లున్నాయి. ఔకు షేల్‌లో నాచు లాంటివాటి నల్లటి ముద్రలూ, స్ప్రింగులా మెలికలు తిరిగిన సూక్ష్మ శిలాజాలూ దొరికాయని లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ వాళ్లు రాశారు. ఆ కర్నూలు రాళ్ల వయసు ఎంతన్న దాని మీద ఇంకా తగాదా ఉంది. దాదాపు 90 కోట్ల ఏళ్లని కొందరు, ఎడియాకారన్ దాకా వస్తాయని ఇంకొందరు. అందరూ ఒప్పుకున్న ఎడియాకారన్ జంతు శిలాజం మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ లేదు.

లేదు. ఈ మాట అనడానికి మనకి నోరెందుకు రాదు? స్టేటస్ కాల్‌లో "అది ఇంకా కాలేదు" అనడానికి ఎలా నోరు రాదో అలాగే :)

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "లేదు లేదు అని కూర్చుంటే దొరికేది కూడా దొరకదు కదా?" నిజమే. 1956లో ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవిలో టీనా నీగస్ అనే 15 ఏళ్ల అమ్మాయి రాతి మీద ఫెర్న్ ఆకు లాంటి అచ్చు చూసింది. వెళ్లి టీచరుకి చెబితే, అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవమ్మా అని కొట్టిపారేశారు. మరుసటి ఏడు రోజర్ మేసన్ అనే స్కూలు కుర్రాడు అదే అచ్చు చూసి, తండ్రి ద్వారా ఒక జియాలజిస్టుకి చూపించగలిగాడు. దానికి చార్నియా మసోనీ అని ఆ కుర్రాడి పేరు పెట్టారు. ముందు చూసిన అమ్మాయికి గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది.

టీచరు చేసిన తప్పూ, 'మాదే మొదటిది' గుంపు తప్పూ ఒకటేనని నా వాదన. ఆమె వెళ్లి చూడకుండా లేదన్నారు, వీళ్లు వెళ్లి చూడకుండా ఉందంటున్నారు. ఉందా లేదా అన్నది తర్వాత. ఎవరైనా వెళ్లి చూశారా, లేదా? మీర్ట్ చేసిందల్లా వెళ్లి చూడటమే. నన్నడిగితే, నల్లమలలో కొండ అంచులకి వేలాడుతూ తేనె తీసే చెంచు పెద్దమనిషిని ఒక్కరిని ఆ గుహలోకి తీసుకెళ్లి ఉంటే రెండేళ్లు కూడా పట్టేది కాదు. తలెత్తి చూసి రెండు నిమిషాల్లో చెప్పేసేవాడు.

చూడకుండా నమ్మితే ఏమవుతుందో మన దేశంలోనే ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో వి.జె.గుప్తా అనే ప్రొఫెసరు ఏళ్ల తరబడి హిమాలయాల శిలాజాల మీద వందల పేపర్లు అచ్చేశాడు. 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త నేచర్ పత్రికలో బయటపెట్టాడు, వేరే దేశాల్లో దొరికిన శిలాజాలని హిమాలయాల్లో దొరికినట్టు చూపించారని. హిమాలయ భూగర్భ చరిత్రలో ఏ వాక్యం నమ్మాలో ఏది నమ్మకూడదో తెలియని స్థితి. అంత జరిగినా ఆయన ఉద్యోగంలోనే కొనసాగాడు. భీంబేట్కా పొరపాటు రెండేళ్లలో సర్దుకుంది. ఇది మాత్రం పాతికేళ్లు పాకింది. ఆ పేపర్లలో ఎన్నింటికో సహరచయితలు ఉన్నారు, పక్క గదుల్లో సహోద్యోగులు ఉన్నారు. అడగాల్సినవాళ్లు అడగలేదు. రెటాలక్‌ని చూసి నవ్వినవాళ్లకి గుప్తా పేరు తెలుసా? ఒకసారి అడిగి చూడండి.

అందుకే నా కోపం అంతా మన మీదే. మొదటి పేజీలో "తొలి జంతువు" అని వేసి, దిద్దుబాటుకి మూల కూడా ఇవ్వని పేపర్ల మీద. మొదటిది పంచి రెండోది పంచని మనవాళ్ల మీద. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామ పాఠాన్ని తీసేసింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు, చదువుకున్నవాళ్లు బహిరంగ లేఖ రాశారు. ఆ వారం మన ఆఫీసు గ్రూపులో నడిచిన చర్చ ఏమిటంటే, వర్క్ ఫ్రమ్ హోమ్ ఎత్తేస్తారా లేదా! పదకొండు, పన్నెండులో బయాలజీ తీసుకునేవాళ్లకి ఆ పాఠం ఉంది కదా అంటారు. మన పిల్లల్లో ఎంతమంది పదో తరగతి తర్వాత బయాలజీ తీసుకుంటారు? మన బ్యాచ్‌లో ఎంతమంది తీసుకున్నారు? ఎంపీసీలోకి దూకి, ఎంసెట్ రాసి, ఇటొచ్చాం. పదో తరగతిలో తీసేస్తే మనలాంటివాళ్లకి జన్మలో ఆ పాఠం ఉండదు. ఆ పాఠం లేని పిల్లాడు రేపు తేనెతుట్టె ఫార్వర్డ్ చూస్తే, అందులో తప్పెక్కడుందో వాడికి ఎవరు చెప్పాలి?

రాళ్ల సంగతీ అంతే. శిలాజాలనీ, అరుదైన రాతి స్థలాలనీ కాపాడటానికి కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలు అడిగింది. మీలో ఎంతమంది విన్నారు? గుడి రాయి కదిలితే ఊరంతా కదులుతుంది, కదలాలి కూడా. 190 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమటోలైటు క్రషర్లో కంకర అయిపోతే ఒక్కరికీ తెలియదు. లేని డికిన్సోనియా కోసం చంకలు గుద్దుకుంటాం, ఉన్న వేంపల్లె గుబ్బల పేరు కూడా తెలియదు మనకి.

నేను అడిగేది పెద్దదేం కాదు. "మన దగ్గర ఫలానాది దొరికింది" అని ఎవరైనా పంపితే, పంచేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, అది ఏ రకం రాయి? గ్రానైటైతే అక్కడే ఆపేయండి. రెండు, మొదట చెప్పినవాళ్లు కాక ఇంకెవరైనా వెళ్లి చూశారా? మూడు, అది తప్పని తేలాలంటే ఏం కనబడాలో చెప్పినవాళ్లు చెప్పారా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే అది వార్త కాదు, ఇంకా టెస్ట్ చెయ్యని బిల్డ్. మీరు దాన్ని ప్రొడక్షన్లోకి తోస్తున్నారు.

ఇంకొకటి. మొదటి వార్త పంచినవాళ్లు దిద్దుబాటు కూడా అదే గ్రూపులో, అంతే ఉత్సాహంగా పంచండి. మొదటిది పంచడానికి సిగ్గుపడలేదు కదా.

కింద వ్యాఖ్యల్లో "నువ్వు హిందూ వ్యతిరేకివి", "నువ్వు విదేశీ సైంటిస్టుల భక్తుడివి" అని రాసేవాళ్లు ఎలాగూ రాస్తారు, రాయండి. కానీ పైన నేను చెప్పినదాంట్లో ఏ తేదీ తప్పో, ఏ రాయి తప్పో కూడా రాయండి. చూసి, తప్పైతే ఇక్కడే దిద్దుతాను. పాత వాక్యం చెరపను, కొట్టేసి పక్కన కొత్తది పెడతాను, ఎవరు చెప్పారో పేరుతో సహా.